కాలువలో పడితే ఔటే!

ధవళేశ్వరం దగ్గర కాటన్‌ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కణ్నుంచి బయల్దేరిన కాలువలు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో పది లక్షల ఎకరాలకు పైగా తడుపుతున్నాయి. ఇది అందరికీ తెలిసిందే. కానీ ఆ కాలువలే ఇక్కడి పిల్లల క్రికెట్‌కి రూల్సు కూడా రాశాయంటే నమ్ముతారా?

రావులపాలెం దాటి కోనసీమలోకి దిగితే ఓ పక్క కాలువ, ఓ పక్క చేలు, మిగిలిన చోటంతా కొబ్బరితోటలు. బ్యాటు లేకపోతే కొబ్బరిమట్ట చెక్కుకోవచ్చు. వికెట్లకి మూడు పుల్లలు చాలు. డబ్బు పెట్టి కొనక తప్పనిది ఒక్కటే... టెన్నిస్‌ బంతి! అది కూడా తలా కాస్త చందా వేసుకుని కొన్నదాయె. ఎటు కొట్టినా దానికి గండమే. పారే కాలువలో పడితే క్షణం ఆగదు. గుర్రపుడెక్కకి చిక్కితే మన అదృష్టం, లేదంటే దిగువ ఊరి పిల్లల అదృష్టం!

అందుకే ఇక్కడ కాలువలోకి కొడితే సిక్సు కాదు, ఔట్‌. పైగా కొట్టినవాడే కొత్త బంతి తేవాలి. దాంతో ఎంత వీరబాదుడు బాదేవాడైనా బంతిని నేలబారుగా ఆడటం నేర్చుకుంటాడు.

ఆటకి అసలు పండగ వేసవిలోనే. దాళ్వా కోతలు అయిపోతాయి, కాలువలు కట్టేస్తారు, బడికి సెలవులిస్తారు. కొయ్యకాళ్లు చదును చేస్తే చేనే స్టేడియం. ఎండిన కాలువలో బంతి పడినా నడిచి వెళ్లి తెచ్చుకోవచ్చు.

ఒక్కో బంతికి ఇక్కడ నాలుగైదు జన్మలు. నూగు ఉన్నన్నాళ్లూ పక్క వీధితో పందెం మ్యాచ్‌లు. నూగు ఊడాక దానిమీద కరెంటు టేపు చుడతారు. కరాచీ వీధుల్లో పేరుపడ్డ టేపు బంతి కిటుకు ఇదే. టేపు చిరిగితే టేపే మార్చొచ్చు, బంతి మార్చక్కర్లేదు. తడిసిన బంతిని మాత్రం నీడన పూర్తిగా ఆరనిచ్చాకే చుట్టాలి. లేకపోతే తేమ లోపలే ఉండిపోయి బరువెక్కుతుంది. చివరికి మెత్తబడిన బంతి చిన్నపిల్లల ఏడుపెంకులాటకి వెళ్తుంది.

వింబుల్డన్‌లో మొదట ఏడు గేములకి, ఆ తర్వాత తొమ్మిదేసి గేములకి బంతులు మార్చేస్తారు. అసలైన టెన్నిస్‌ బంతిలో గాలి ఒత్తిడితో ఉంటుంది. డబ్బా తెరిచిన కొన్ని వారాలకే అది తగ్గి, బంతి సరిగా ఎగరదు. టెన్నిస్‌ ఆడేవాళ్లకి అది పనికిరాదు కానీ గట్టు మీద క్రికెట్‌కి భేషుగ్గా సరిపోతుంది! కాబట్టి చేలో ఆటకి ఖరీదైన డబ్బా బంతులు కొనడం దండగ. క్రికెట్‌ కోసమే అమ్మే గట్టి బంతి చాలు. పట్నంలో టెన్నిస్‌ ఆడే చుట్టాలుంటే, వాళ్లు వాడి పక్కన పడేసినవి అడిగి తెచ్చుకుంటే ఆ ఖర్చూ ఉండదు.

అయితే ఇన్ని పొదుపుల్లో చేయకూడని పొదుపు ఒకటుంది. జూన్‌లో సార్వాకి నీళ్లు వదిలాక కాలువలు ఒడ్డులొరుసుకుని పారతాయి. పైకి నిదానంగా కనిపించే ఆ నీరే లోపల్లోపల లాగేస్తుంది. నడిమధ్యలో తేలిపోతున్న బంతి కోసం ఈత వచ్చినవాడు కూడా దిగకూడదు. బంతి పోతే మళ్లీ చందా వేసుకోవచ్చు. ‘కాలువలో పడితే ఔట్‌’ అన్న రూలు పుట్టింది డబ్బులు మిగుల్చుకోవడానికే కావచ్చు. కానీ కాలువ వైపు కొట్టాలన్న ఆశే లేకుండా చేసి, అది పిల్లల ప్రాణాలకీ కాపలా కాస్తోంది.

మీ పిల్లలు సెలవులకి అమ్మమ్మగారి ఊరు వెళుతున్నారా? సంచిలో ఓ బంతి, ఓ టేపు చుట్ట పెట్టండి. దాంతోపాటు ఆ రూలూ చెప్పి మరీ పంపండి!