అహోబిలమున ఉగ్రస్తంభపు దారి

నల్లమల కొండలలో, నంద్యాల జిల్లాయందు, అహోబిలము నరసింహక్షేత్రములలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ఆళ్లగడ్డనుండి సుమారు 25 కిలోమీటర్లు బస్సులో పోయిన దిగువ అహోబిలమును, అచటినుండి మరి 8 కిలోమీటర్లు పోయిన ఎగువ అహోబిలమును చేరవచ్చును. 14వ శతాబ్దమున ఎఱ్ఱాప్రగడ రచించిన నృసింహపురాణము ఈ క్షేత్రమును గూర్చినదే యగుటచే, ఆ కావ్యమును చదివిన సోదరీమణులకు ఈ స్థలము చూడకమున్నే పరిచితము. కొండలలోను అడవిలోను నరసింహుని ఆలయములు 9 కలవు. వానిలో కొన్నింటికి బండ్లు పోవును; కొన్నింటికి కాళ్లే శరణ్యము.

వీనికన్నిటికిని మించి యాత్రికుల మనస్సు నాకర్షించునది ఉగ్రస్తంభము. కొండకొమ్మున నిటారుగా నిలిచి, నడుమ చీలినట్లు కన్పట్టు రాతికంబ మిది. హిరణ్యకశిపుడు మోదగా స్వామి వెలువడిన స్తంభ మిదియే యని భక్తుల విశ్వాసము. ఈ కొండలరాయి క్వార్ట్జైటు. పూర్వకాలపు ఇసుకరాయి భూగర్భమున వేడిమికిని ఒత్తిడికిని లోనై యిట్లు గట్టిపడినది. నిలువుపగుళ్ల వెంబడి విడిపోవు స్వభావము గలది గనుక, గోడలవంటి చరియలును కంబములవంటి శిఖరములును ఏర్పడినవి. విడిపడిన ముక్కలు మొనదేలి దారియెల్ల పరచుకొని యుండును. క్రిందినుండి కన్నులకు పండువైన కొండ, ఎక్కునప్పుడు పాదములకు పరీక్ష యగుట యిందువలననే.

పుష్యమాసమున మా అక్కగారు, మా వదినె, పదునాలుగేండ్ల ఆమె కుమార్తె తోడుగా మేము నలుగురమై పోయితిమి. స్తంభమును, జ్వాలానరసింహుని, మాలోలస్వామిని ఒక్క దినముననే సేవింపవలెనని సంకల్పము. వదినెకు మ్రొక్కొకటి యున్నది. కుమారుని జ్వరము నెమ్మదించినచో స్తంభమును తాకి కొబ్బరికాయ కొట్టెదనని ఆమె మ్రొక్కుకొన్నది. మధ్యాహ్నము 12 గంటలకు ఎక్కడ నున్నను వెనుదిరుగవలెనని అక్కగారు బయలుదేరునప్పుడే నియమము పెట్టిరి. దారి చూపుటకు ఒక చెంచు యువకుని తోడు తెచ్చుకొంటిమి.

భవనాశిని వాగు వెంబడి, వరాహనరసింహుని గుడి దాటి, గుండ్లమీద అడుగు లిడుచు పోవువరకు దారి హాయిగనే యుండెను. నీటిచప్పుడు, చల్లనిగాలి తోడుగా నుండినవి. జ్వాలానరసింహుని దారి విడిచి స్తంభపు దారి పట్టిన పిదప మెట్లు లేవు. చెట్లవేళ్లు పట్టుకొని, మోకాలెత్తున కాలు పెట్టి ఎక్కవలసియుండెను. మొనరాళ్లు కాలిక్రింద జారి దిగువకు దొరలు చప్పుడు వినబడినపుడెల్ల మాటలు తగ్గినవి.

12 గంటలగునప్పటికి స్తంభము చేయి చాచిన నందునంత చేరువగా తోచెను. ఇంకెంత సేపని మేము ప్రశ్నింపగా యువకుడిట్లనెను: "ఒక గంట పడతాదమ్మా. ఎక్కేదానికంటే దిగేదే కష్టం. పొద్దు గూకేలోగా అడవి దాటల్ల."

అందరమును ఊరకుంటిమి. అక్కగారి మోకాళ్లు వణకుచుండెను; అయినను వదినె మ్రొక్కు తలచి ఆమె నియమమును ఎత్తలేదు. మేము అమ్మాయి ఉత్సాహమును తలచి నోరు మెదపలేదు. అమ్మాయి మడమ ఒరసికొని రక్తము కారుచున్నను, తల్లి మ్రొక్కు చెడునని చెప్పలేదు. ఈ సంగతి దిగిన పిదప తెలిసినది. ఒకరి కొరకొకరు ఎక్కుచుంటిమే గాని, తనకొరకు తా నెక్కువా రొకరును లేరు.

తుదకు నోరు విప్పినది మ్రొక్కుకొన్న వదినెయే. "వదినా, మ్రొక్కు నాది, మోకాళ్లు మీవి. నా మ్రొక్కునకు మీ మోకాళ్లను పణము పెట్టలేను, దిగుదము" అనెను. అక్కగారు నవ్వి, పైటకొంగున ముఖము తుడుచుకొని, స్తంభమునకు నమస్కరించిరి. అచటినుండియే అందరమును చేతులు మోడ్చితిమి.

దిగుట నిజముగనే కష్టమయ్యెను. నిటారుచోట్ల కొండవైపు ముఖము త్రిప్పి, పై కాలు కుదురుకొన్న పిదపగాని క్రింది కాలు మోపకుండ, యువకుడు చూపిన చోటనే పాదముంచి దిగితిమి. అంతకుమున్ను రాళ్లు దొరలిన తావున రెండు మారులు కూర్చుండియే జారవలసివచ్చెను. ఇంకొక గంట ఎక్కి అలసిన కాళ్లతో ఈ పని చేయవలసియున్నచో ఏమగునో ఆ తావుననే అందరకును తెలిసినది.

జ్వాలానరసింహుని సన్నిధి చేరునప్పటికి పొద్దింకను చాల నుండెను. వ్రేలాడు బండక్రింద చిన్న గుడి. పైనుండి నీటిధార ముందర పడుచుండును. వదినె కొబ్బరికాయ నచటనే కొట్టి, ఒక నాణెమును పసుపుగుడ్డలో ముడుపు గట్టి కొంగున దోపుకొనెను. మ్రొక్కు తీరినదని ఆమె యనలేదు, మేమును అనలేదు. బాకీ బాకీగనే యుంచి, మాలోలస్వామి దర్శనమును గూడ మాని, దీపములు పెట్టువేళకు ఎగువ అహోబిలము చేరితిమి.

ఈ యాత్రకు పోదలచు సోదరీమణులకు కొన్ని మాటలు. వానకాలమున వాగు పొంగును, బండలు జారును. కార్తికము మొదలు మాఘము వరకు అనుకూలము. తెల్లవారకమున్నే సిద్ధముగానుండి, స్తంభము కొరకు ఒక దినమును పూర్తిగా కేటాయింపవలెను. నీరును, కుదురుగా పట్టు చెప్పులును, ఆ దారి నెఱిగిన మనిషియు తప్పనిసరి. వెనుదిరుగు వేళను బయలుదేరకమునుపే నిర్ణయించుకొని, ఆ వేళ వచ్చినప్పుడు మ్రొక్కున్నవారి నడుగుటకు ముందు, అందరికంటె వెనుక నడచుచున్నవారి కాళ్లెట్లున్నవో చూడవలెను. ఓపిక కొంత చేతనుండగా వెనుదిరిగినవారికే మరల వచ్చు యోగము కలుగును.