నడినెత్తిన పొద్దు: తెలుగు పీరియడులో ఒక నీడల ఆట

విజ్ఞానశాస్త్రం పిల్లలకు పాఠ్యపుస్తకంతో మొదలు కాదు, "ఎందుకు?" అన్న మొదటి ప్రశ్నతో మొదలవుతుంది. ఆ ప్రశ్న బిడ్డ నోట మాతృభాషలోనే పుడుతుంది. అందువల్ల దానికి తగిన చోటు తెలుగు తరగతి కూడా అని నా విశ్వాసం. హోసూరు ప్రాంతపు బడిలో తెలుగు చెప్పే నేను సైన్సు ఉపాధ్యాయుణ్ణి కాను. అయినా ఏటా మూడవ తరగతి పిల్లలచేత ఒక నీడల ఆట ఆడిస్తున్నాను.

"మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు" అని అందరమూ అంటాము. ఈ వాక్యం నిజమా, కాదా? ఇదే ఆట. బడి ఆవరణలో మీటరు పొడవున్న కర్రను నిలువుగా పాతుతాము. దారానికి రాయి కట్టి వ్రేలాడదీసి, కర్ర ఒరగలేదని పిల్లలే తేలుస్తారు. మా ఊరిలో నీడ అతి పొట్టిగా ఉండేది గడియారం 12 కొట్టినప్పుడు కాదు, ఇంచుమించు 12 గంటల 20 నిమిషాలకు. ఆ వేళకు నీడ కొనవద్ద సుద్దముక్కతో గీత గీసి, తేదీ వ్రాస్తారు.

జూన్ 21 ప్రాంతంలో ఆ నీడ సుమారు 19 సెంటీమీటర్లు. అదీ దక్షిణానికి పడుతుంది! సూర్యుడు అప్పుడు మనకు ఉత్తరంగా ఉంటాడు గనుక. తరువాత దినదినమూ కుంచించుకొని, ఆగస్టు 18 ప్రాంతంలో పూర్తిగా మాయమవుతుంది. ఆపైన ఉత్తరానికి తిరిగి, డిసెంబరు 21 నాటికి సుమారు 73 సెంటీమీటర్లకు సాగుతుంది. మళ్ళీ ఏప్రిల్ 24 ప్రాంతంలో మరొకసారి మాయం. అంటే మా ఊరిలో పొద్దు నిజంగా నడినెత్తిన నిలిచేది ఏడాదికి రెండే రోజులు. కర్కట, మకర రేఖల నడుమనున్న ప్రతి ఊరికీ ఇట్టి రెండు రోజులు ఉంటాయి. తేదీలు మాత్రం ఊరూరికీ మారుతాయి. హైదరాబాదులో మొదటిది మే 9 ప్రాంతంలో వస్తుంది.

ఆగస్టులో మబ్బు కమ్మితే ఆ రోజు దక్కకపోవచ్చు. అందుకే ముందు వెనుకల గీతలు ముఖ్యం. ఆ గీతలనుబట్టి, "నీడ నిన్ననో నేడో కర్ర కింద దాగింది" అని పిల్లలు ఊహించగలరు. సూర్యుని వైపు నేరుగా చూడరాదని మాత్రం ప్రతిదినమూ హెచ్చరించాలి.

ఇక తరగతిలో ఊహకు పని. "నీవే నీడవైతే నీ దినచర్య ఏమిటి?" అని వ్రాయిస్తాను. ఒక బాలుడు, "పొద్దున పొడుగు, మధ్యాహ్నం మరుగుజ్జు, సందెకు మళ్ళీ పొడుగు" అని పొడుపుకథ అల్లాడు. పొద్దు, సందె, తూర్పు, వాలు, కొన వంటి మాటలు ఆటలోనే పిల్లల నోటికి ఎక్కుతాయి.

2006 నాటి చట్టంతో మా రాష్ట్రంలో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఇంగ్లీషు ఉండనే ఉన్నది. మా బడిలో తెలుగుకు దొరికేది దినానికొక పీరియడు. అందుకే ఒక తండ్రి నన్ను, "సైన్సు రేపు ఇంగ్లీషులోనే కదా సార్ చదివేది? తెలుగు పీరియడులో ఈ కట్టె ఆట దేనికి?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి ఆయన కూతురే జవాబయింది. ఇంటి ముంగిట కర్ర పాతి అవ్వకు నీడ సంగతి తెలుగులో వివరించిందట. చూరు నీడను చూసి పొద్దు ఎంతయిందో చెప్పే తన కాలపు పద్ధతిని అవ్వ మనుమరాలికి నేర్పిందట. ఇంగ్లీషు పుస్తకం వారిద్దరినీ అట్లు కూర్చోబెట్టలేదు. ఆ ఏడు ఆయన బిడ్డను తెలుగు మాన్పించలేదు. వచ్చే ఏటి మాట ఆయన ఇంకా చెప్పలేదు.

మనసుకు పట్టిన భావం తరువాత ఏ భాషలోనైనా ఒదుగుతుంది. పట్టని భావానికి ఇంగ్లీషు పేరు కంఠస్థం చేయిస్తే మిగిలేది పేరు మాత్రమే.

తోటి ఉపాధ్యాయులకు నా మనవి: దీనికి ప్రయోగశాల అక్కరలేదు, కర్ర, దారం, రాయి, సుద్దముక్క చాలు. పిల్లలు కొంచెం ఎదిగాక మహీధర నళినీమోహన్ గారి 'పిడుగు దేవర కథ' వంటి పుస్తకాలు చదివి వినిపించండి. తల్లిదండ్రులకు ఒక్క మాట: బిడ్డ "ఎందుకు?" అని అడిగినప్పుడు వెంటనే జవాబు చెప్పకండి. "రా, చూద్దాం" అని తెలుగులో పిలిచి, ముంగిట్లోకి తీసుకువెళ్ళండి.