క్లైవ్ దొర తోటలో మా నాన్న

నాలుగేళ్ళ నించీ లండన్‌లో ఉద్యోగం చేస్తున్నా, ఇక్కడి దొరల బంగళాలూ తోటలూ చూడ్డానికి ఎప్పుడూ వెళ్ళలేదు. టిక్కెట్టు కొని గడ్డి చూడ్డమేంటని నా అభిప్రాయం :-)

మొన్న వేసవిలో వైజాగు నించి నాన్న వచ్చారు. ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి, మొక్కలంటే ప్రాణం. సరేనని ఓ శనివారం వాటర్లూలో రైలెక్కించి ఈషర్ దగ్గరున్న క్లేర్‌మాంట్ తోటకి తీసుకెళ్ళా.

నిజం చెప్పొద్దూ, బావుంది. చెరువూ, దాని ఒడ్డున కొండవాలుని మెట్లు మెట్లుగా చెక్కి పచ్చిక పరిచిన ఆంఫీథియేటరూ. 1720ల్లో బ్రిడ్జ్‌మన్ అనే ఆయన వేశాడు. నాన్న మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి రెండుసార్లు చుట్టొచ్చారు.

1768లో యజమాని డ్యూకు పోయాక, ఆయన భార్య ఎస్టేటు అమ్మేసింది. కొన్నదెవరో తెలుసా? రాబర్ట్ క్లైవ్! బోర్డు మీద ఆ పేరు చూడగానే నాకు చర్రుమంది. 1758లో ఇతగాడు బెంగాల్ నించి పంపిన కల్నల్ ఫోర్డ్ సైన్యం దిగింది మా విశాఖ తీరంలోనే. విజయనగరం రాజుతో కలిసి చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళని ఓడించింది. 1765లో మొగలు పాదుషా చేత ఉత్తర సర్కారులు కంపెనీకి రాయించుకున్నదీ ఇతనే.

"ఇదంతా మన డబ్బే నాన్నా" అన్నాను.

"తోట వాడికంటే ముందే ఉందన్నావు కదరా" అన్నారు నాన్న. కాసేపాగి, "మన క్వార్టర్ వెనకాల చింతచెట్టు ఎవరిదో ఎప్పుడైనా అడిగావా?" అన్నారు.

అడగలేదు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఆ ఫ్యాక్టరీ కోసం ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ అయ్యాయని తెలుసు. కానీ నిర్వాసితులంటే నాకు పేపర్లో వార్త, అంతే. ఆ చెట్టు మాకు పాలు పోసే ఆయన పెరట్లోదట. పాలు పోశాక రోజూ కాసేపు దాని కిందే నుంచునేవాడు. ఎండకి ఆగుతున్నాడనుకునేవాణ్ణి.

క్లైవ్‌ని తిట్టడం మానను లెండి. కానీ క్లేర్‌మాంట్ ఎవరెవరి చేతులు మారిందో గేటు దగ్గర బోర్డు మీదైనా రాసిపెట్టారు. ఆ చింతచెట్టుకి బోర్డు లేదు.

పదిహేనేళ్ళు ఆ పాలు తాగాను. ఆయన పేరు నాకు తెలీదు. నాన్ననడిగితే, "పాలాయన అనే పిలిచేవాళ్ళం రా" అన్నారు. ఈసారి వైజాగ్ వెళ్ళినప్పుడు కనుక్కోవాలి.