మన పిల్లవాణ్ణి ఎవరికి అప్పగించి వెళతావు?

రమజాను ముగిసిన పది రోజులకు, అస్ర్ నమాజు అనంతరం, మా పూర్వ విద్యార్థి ఒకడు మమ్మల్ని కలవడానికి వచ్చాడు. చిన్నతనంలో మా మక్తబ్‌లో ఖురాన్ పారాయణం నేర్చుకున్నవాడు. ఇప్పుడు నెల్లూరులో ఫిజియోథెరపిస్టు. వచ్చిన పని చెప్పడానికి చాలాసేపు తటపటాయించాడు. చివరికి తల వంచుకుని ఇలా అన్నాడు: "హజ్రత్, ఆరు నెలలు టాంజానియా వెళ్తున్నాను. జీతం లేదు. తిండి, వసతి వాళ్లే చూసుకుంటారు. పక్షవాతం వచ్చినవారిచేత, పుట్టుకతో అవయవ లోపమున్న పిల్లలచేత సాధన ఎలా చేయించాలో అక్కడి ఆసుపత్రి సిబ్బందికి నేర్పాలి. మీరు దువా చేయాలి."

దువా కోరి వచ్చినవారికి కాదనడం మా అలవాటు కాదు. ఆనాడు మాత్రం మా నోట మాట రాలేదు. కారణం మా మనుమడు.

మా అమ్మాయి కుమారుడికి ఇప్పుడు ఐదేళ్లు. పుట్టిన వెంటనే ఏడవలేదు. ఏడాది దాటినా మెడ నిలపలేదు. వైద్యులు పరీక్షించి సెరిబ్రల్ పాల్సీ అన్నారు. మెదడులో కండరాలను నడిపే భాగానికి దెబ్బ తగిలిందని, తెలివికి లోటు లేదని వివరించారు. నిజమే, ఆ పిల్లవాడు మా అడుగుల చప్పుడును బట్టే మమ్మల్ని గుర్తుపట్టి నవ్వుతాడు. కానీ కాళ్లు రెండూ కత్తెరలా ఒకదానిపై ఒకటి పడి బిగుసుకుపోతాయి. ఈ విద్యార్థి రెండేళ్లుగా వారానికి రెండుసార్లు మైపాడు రోడ్డున మోటారు సైకిలుపై వచ్చి, ఒక్క రూపాయి కూడా పుచ్చుకోకుండా, వాడిచేత సాధన చేయించేవాడు. వాడు గోడకు ఆనుకుని కూర్చోగలిగింది ఆ చేతుల పుణ్యమే.

అందుకే మేము దువా చేయవలసిన చోట ప్రశ్న వేశాము: "మన పిల్లవాణ్ణి ఎవరికి అప్పగించి వెళతావు?"

అంతటితో ఆగలేదు. దగ్గరివారి హక్కు ముందు, దూరపువారిది తరువాత అని ధర్మశాస్త్రం ఎత్తుకున్నాము. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారిలో ఎంతమందికి ఇతని వంటి మనిషి దొరికాడు? ఇంటి దీపం ఆర్పి ఊరి గుడిసెకు వెలుగు పట్టుకెళ్లడం ఏం న్యాయం? ఇలా చాలా చెప్పాము. చెప్పినదంతా అబద్ధమేమీ కాదు. అయితే మేము కాపాడుకోజూస్తున్నది ధర్మశాస్త్రాన్ని కాదని, మా ఇంటి సౌకర్యాన్ని అని మాట్లాడుతున్నంతసేపూ మాకు తెలుస్తూనే ఉంది.

అతడు వాదించలేదు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "మా చదువు ఈ దేశంలో పుట్టినది కాదు హజ్రత్, ఎవరో వచ్చి నేర్పి వెళ్లినది" అన్నాడు. అమెరికాలో జన్మించి, భారతీయుణ్ణి వివాహమాడి ఇక్కడే స్థిరపడిన కమలా నింబ్కర్ 1950లో ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాల ప్రారంభించారట. అన్నం కలుపుకోవడం, బొత్తాం పెట్టుకోవడం వంటి దైనందిన పనులను రోగికి మళ్లీ నేర్పే విద్య అది. తరువాత కొద్దికాలానికే ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో ఫిజియోథెరపీ పాఠశాల కూడా అక్కడే వెలసిందట. "వాళ్లు కూడా ముందు మా ఊరి రోగులు, తరువాతే ఇండియా అనుకుని ఉంటే, నేను మీ ఇంటికి వచ్చేవాణ్ణా?" అన్నాడు. అని, సలాం చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి మాకు మా మేనమామగారు జ్ఞాపకం వచ్చారు. ఇంటి గుట్టును ఇన్నేళ్లకు పత్రికలో రాయడం తప్పేమో, తెలియదు. ఆయనకు కుష్ఠు సోకింది. పెళ్లి పందిళ్లలో ఆయన విస్తరి వేరే చోట వేసేవారు. మందులతో వ్యాధి ఆగింది గాని, నరాలు చచ్చి వేళ్లు గోళ్లలా ముడుచుకుపోయాయి. నెల్లూరు నుంచి ఎందరో వెళ్లినట్లే ఆయనా వేలూరు వెళ్లారు.

వేలూరు సంగతి కొంత చెప్పాలి. కుష్ఠు రోగి చేతికి శస్త్రచికిత్స వృథా అని లోకమంతా నమ్మిన రోజుల్లో, 1946లో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఆ నమ్మకాన్ని తప్పని నిరూపించారు. చచ్చుబడిన కండరానికి బదులుగా, పనిచేస్తున్న మరో కండరపు స్నాయువును దారి మళ్లించి వేళ్లకు కలిపేవారు. అయితే చేయి తెరుచుకునేది ఆపరేషన్ బల్లమీద కాదు. నిన్నటిదాకా వేలిని ముడిచిన కండరం నేటినుంచి మరో పని చేయాలి, ఆ సంగతి మెదడుకు తెలియదు. దానికి ఆ కొత్త పాఠం వారాల తరబడి నేర్పాలి. నేర్పకపోతే శస్త్రచికిత్స చేసినా ఫలితం దక్కదు. ఆ పని కోసం తొలినాళ్లలో బ్రాండ్‌కు తోడుగా నిలిచినవారు బ్రిటన్‌కు చెందిన ఫిజియోథెరపిస్టు రూత్ థామస్. స్పర్శ లేని వేళ్లను రాత్రిపూట ఎలుకలు కొరుకుతున్నాయని తెలిసి, ఇంటికి వెళ్లే రోగులకు పిల్లులను ఇచ్చి పంపారని కూడా అక్కడి చరిత్రలో ఉంది.

మా మామగారు వెళ్లేనాటికి అక్కడ సాధన చేయించినది ఒక తమిళ యువకుడు. ఆ యువకుడికి నేర్పిన చేతులు ఎవరివో, వారికి నేర్పినవి ఎవరివో మామగారు అడగలేదు. తిరిగి వచ్చాక ఆయన తస్బీహ్ పూసను వేలితో జరపగలిగారు. మా చిన్నతనంలో ఆయన మాకిచ్చిన మొదటి గ్లాసు మంచినీళ్లను మేము కాస్త వెనుకాడుతూనే తాగాము. నేడు నెల్లూరులోనే బెల్జియం సంస్థ డేమియన్ ఫౌండేషన్ వారి కుష్ఠు, క్షయ చికిత్సా కేంద్రం ఉంది. అంతదూరం పోనవసరం లేదు.

అయితే దూరదేశం నుంచి వచ్చినంత మాత్రాన మేలు జరుగుతుందని కాదు. కొన్నేళ్ల క్రితం మా తీరంలోని ఒక పట్టపుపాలానికి విదేశీ బృందం ఒకటి వచ్చింది. ఐదు రోజులు శిబిరం పెట్టారు. మంచివారు, ఎండలో చెమటోడ్చి పనిచేశారు. నడవలేని ఒక జాలరి బాలికకు మెరిసే చక్రాల కుర్చీ ఇచ్చి, ఫొటో తీసుకుని వెళ్లారు. కుర్చీ పెద్దవారి కొలతది. ముందు చక్రాలు చిన్నవి కనుక ఇసుకలో కూరుకుపోయేవి. పక్కకు ఒరిగి కూర్చుని కూర్చుని ఆ పిల్ల వెన్ను మరింత వంగింది. మేము చివరిసారి చూసినప్పుడు ఆ కుర్చీమీద వలలు ఆరేసి ఉన్నాయి. కుర్చీని మనిషి కొలతకు, నేల తీరుకు తగినట్లు అమర్చాలని, వాడుక నేర్పాలని, చెడితే బాగుచేసేవాడు దగ్గర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే మార్గదర్శకాలు ఇచ్చిందని మా విద్యార్థి తరువాత చెప్పాడు.

ఇందుకు పూర్తిగా భిన్నమైన ఉదాహరణ మన పొరుగుననే ఉంది. వలేరీ టేలర్ అనే బ్రిటిష్ ఫిజియోథెరపిస్టు 1969లో స్వచ్ఛంద సేవకురాలిగా నాటి తూర్పు పాకిస్తాన్‌కు వచ్చారు. ఢాకాలో ఒక ఆసుపత్రి ఆవరణలోని పాడుబడ్డ గోదాముల్లో, 1979లో, వెన్నెముక దెబ్బతిన్న కొద్దిమంది రోగులతో పక్షవాత రోగుల పునరావాస కేంద్రాన్ని ఆరంభించారు. తాటిచెట్టు నుంచి, పడవ నుంచి పడి నడుము విరిగినవారికి అంతకుముందు దిక్కు లేదు. సావర్‌లో నేడు పెద్ద సంస్థగా ఎదిగిన ఆ కేంద్రం రోగులను చూడటంతో పాటు థెరపిస్టులను తయారుచేసే కళాశాలను కూడా నడుపుతున్నది. ఆమెకు బంగ్లాదేశ్ పౌరసత్వం ఇచ్చి గౌరవించింది. ఆమె ఆసియాలో కాపురం పెట్టినంత కాలం అందరూ ఉండలేరు. అయినా ఆరు నెలలకు వెళ్లేవాడు సైతం ఆ కళాశాల సంగతి మరువకూడదు. ఎందుకంటే ప్రపంచంలో సుమారు 240 కోట్ల మందికి ఏదో ఒక దశలో పునరావాస చికిత్స ప్రయోజనకరమని అంచనా. పేద దేశాలు అనేకంలో పది లక్షల జనాభాకు పదిమంది నిపుణులైనా లేరు. ఎంతమంది విమానమెక్కినా ఆ లెక్క తీరదు.

మూడో రోజున అతణ్ణి పిలిపించాము. దువా చేశాము. అప్పుడతడు అన్న మాట మమ్మల్ని ఆశ్చర్యపరచింది. "హజ్రత్, తప్పు నాదే. రెండేళ్లు బాబుకు అన్నీ నేనే చేశాను. మీరంతా మెచ్చుకున్నారు, నాకూ బాగానే అనిపించింది. అక్కడికి వెళ్లి నేర్పుతాననేవాణ్ణి ఇక్కడ ఆపాకు ఒక్కటీ నేర్పలేదు. ప్రయాణానికి ఇంకా నలభై రోజులుంది."

ఆ నలభై రోజులు అతడు బిడ్డను తాకడం తగ్గించాడు. మా అమ్మాయి చేతులమీద తన చేతులు పెట్టలేడు గనుక, ముందు ఒక దిండుమీద చేసి చూపేవాడు, ఆమె బిడ్డమీద చేసేది. మొదటి రోజు ఆమె ఏడ్చింది. "అబ్బా, నా చేతిలో వాడి కాలు విరిగిపోతుందేమో" అన్నది. కాలిని గుంజకూడదు, బిగువు తనంతట తాను వదిలేదాకా మెల్లగా పట్టి ఉంచాలి అన్నాడు. ఎంతసేపు అంటే గడియారం వద్దని, సూరె ఫాతిహా రెండుసార్లు చదివేంతసేపు అన్నాడు. పాత బొంతను చుట్టగా చుట్టి దానిమీద బోర్లా పడుకోబెట్టడం, గోడమూలలో అట్టపెట్టెతో ఆసనం చేయడం, అన్నం పెట్టేటప్పుడు తల వెనక్కి వాలకుండా గడ్డం కాస్త దించి ఉంచడం నేర్పాడు. అన్నిటికంటే మమ్మల్ని నవ్వించినది ఒకటి. కాళ్లు ఎడంగా ఉండేలా చంకనెత్తుకోవడమే ఇటువంటి పిల్లలకు మంచి వైద్యమట. మా అమ్మాయి మాత్రం, పాపం, దెబ్బ తగులుతుందని భయపడి వాణ్ణి మూడేళ్లు రెండు చేతులమీద పడుకోబెట్టుకునే మోసింది! మా పల్లెల్లో ప్రతి తల్లీ చేసేదాన్ని తానొక్కతే మానుకున్నది.

సికింద్రాబాదులోని జాతీయ సంస్థకు అనుబంధంగా నెల్లూరులో వికలాంగుల ప్రాంతీయ కేంద్రం ఉంది. వెళ్లే ముందు తల్లీబిడ్డలను అక్కడికి తీసుకువెళ్లి, క్రమం తప్పక చూపించుకునే ఏర్పాటు చేశాడు. అది మాకు ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్నదని మాకు అంతవరకూ తెలియదు.

ఇప్పుడతడు వెళ్లి నాలుగో నెల. ప్రతి జుమా సాయంత్రం ఫోను చేస్తాడు. అక్కడ చాపచుట్టలు లేక స్త్రీలు కట్టుకునే కాంగా వస్త్రాన్నే చుట్టి వాడుతున్నారట. మన బొంత సంగతి చెబితే వాళ్లు విరగబడి నవ్వారట. పోయిన వారం మా అమ్మాయి అతనికి వీడియోలో బాబు ఎడమ మడమ చూపించి, ఇది రంజాన్ నాటికన్నా బిగుసుకుంటున్నది, పట్టీ వేయించాలా అని అడిగింది. అతడు కాసేపు చూసి, "నేను గమనించలేదు ఆపా, మీరే ముందు చూశారు, సోమవారమే కేంద్రంలో చూపించండి" అన్నాడు.

ఇక మాకొక పాత బాకీ మిగిలి ఉంది. దైవప్రవక్త (స) అంధుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్‌ను మదీనాలో తన ప్రతినిధిగా నిలిపిన సంగతి, చేయి చచ్చుబడి కుంటుతూ నడిచే అతా బిన్ అబీ రబాహ్ మక్కాకు ముఫ్తీ అయిన సంగతి ఇరవై ఏళ్లకు పైగా తరగతిలో చెబుతూ వచ్చాము. అదే కాలంలో, కాళ్లు లేని ఒక బాలుణ్ణి తండ్రి భుజాన మోసుకొస్తే, మెట్లు ఎక్కలేడు కదా అని మేమే తిప్పి పంపాము. ఆ తండ్రి ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు. వారి ఊరు మాకు జ్ఞాపకముంది.

మా మదరసాకు ఏడు మెట్లు. నిన్న మేస్త్రీ వచ్చి కొలిచాడు. ఎత్తు మూడున్నర అడుగులు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలని మా విద్యార్థి ఫోనులో చెప్పాడు. అంటే నలభై రెండు అడుగులు. మా ముంగిలి ముప్పై అడుగులే. మధ్యలో మలుపు తిప్పాలంటే వేపచెట్టు అడ్డు వస్తున్నది. దాన్ని కొట్టకుండా పక్కనుంచి తీసుకుపోయే దారి చూస్తానని, శనివారం మళ్లీ వస్తానని మేస్త్రీ చెప్పి వెళ్లాడు.