యాత్రాకాలమున మత్స్యపోషణ

కాశీక్షేత్రమున తొమ్మిది రాత్రులు నిద్రచేయ సంకల్పించిన గృహస్థునకు, ఇంట గాజుతొట్టెలోని చేపలును ఆశ్రితజీవులే. శతపథ బ్రాహ్మణమున మనువు తన్ను శరణన్న చిరుమత్స్యమును మొదట కుండలో, పిదప గుంటలో, తుదకు సముద్రమున ఉంచెను. జీవి అవసరమెరిగి రక్షించుటయే అచ్చటి ధర్మము.

తొట్టెలోని చేపలకు ఆకలికన్న అతిదానమే ప్రమాదకరము. ఆరోగ్యముగల పెద్ద చేపలు సాధారణముగా వారముపాటు మేత లేకున్నను ఉండగలవు. మిగిలిన మేత కుళ్లినచో అమ్మోనియా పుట్టి నీరు విషమగును. కావున ప్రయాణమునకు 2, 3 దినముల ముందు నాలుగవవంతు నీటిని క్లోరిన్ లేని నీటితో మార్చవలెను. ఫిల్టరు ఆగరాదు. పొరుగువారికి మేతడబ్బా అప్పగింపక, ఏ పూటకాపూట కొలిచిన పొట్లములను మాత్రమే ఈయవలెను. యాత్రలో ఉపవసించు భక్తునకు ఈ మితము అపరిచితము కాదు.