వన్స్‌మోర్ అన్నారు, పాడాను

హరిశ్చంద్రుడి గొంతు బాగుందో లేదో తెనాలి, రేపల్లె వైపు జనం కాటిసీను మొదటి పద్యంలోనే తేల్చేస్తారు. బాగుంటే వన్స్‌మోర్. లేకపోతే బీడీ ముట్టించుకుని పందిరి బయటికి నడుస్తారు. నేను పగలు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మాస్టారిని, తిరునాళ్ళ రోజుల్లో రాత్రిళ్ళు హరిశ్చంద్రుణ్ణి. రెండూ గొంతు మీద బతికే పనులే. ఆ గొంతును నా చేతులారా పాడుచేసుకున్నాను. అందులో ఇంకొకరి పాపం ఏమీ లేదు.

ఒక తిరునాళ్ళ రాత్రి జలుబు చేసి ఉంది. ఒళ్ళు నొప్పులకు ఆస్పిరిన్ మాత్ర మింగి రంగు వేసుకున్నాను. కాటిసీనులో కవి జాషువా పద్యం పాడగానే వన్స్‌మోర్ అన్నారు. రెండోసారి ఎత్తుకుని చివర రాగం లాగుతుంటే, పైస్థాయిలో గొంతు పుటుక్కున ఆగిపోయింది. నొప్పి లేదు, మంట లేదు, ఉత్త గాలి వస్తోంది. హార్మోనిస్టు గట్టివాడు, రాగం తను అందుకుని ముగించాడు. కాటికాపరి దుఃఖంతో గొంతు పూడుకుపోయిందనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. నిజం చెప్పొద్దూ, నాకూ సంతోషమే వేసింది.

ఏం జరిగిందో ఆ తర్వాత చాలాకాలానికి తెలిసింది. మామూలుగా మాట్లాడేటప్పుడు మగవాళ్ళ స్వరతంత్రులు సెకనుకు 100 నుంచి 130 సార్లు అదురుతాయి. నేను పాడే ఐదున్నర శ్రుతిలో తారస్థాయికి వెళ్తే అది 400 దాటుతుంది. జలుబుతో వాచి ఉన్న తంత్రుల మీద అంత ఒత్తిడి పడితే పైనుండే సన్నటి రక్తనాళం చిట్లవచ్చు. ఆస్పిరిన్ రక్తాన్ని తొందరగా గడ్డకట్టనివ్వదు కాబట్టి ముప్పు మరికాస్త పెరుగుతుంది. అలా చిట్లినచోట మెల్లగా బుడిపె తయారవుతుంది. దాన్నే పాలిప్ అంటారు. ఏళ్ళ తరబడి అరిస్తేనే వస్తుందని లేదు, ఒక్క రాత్రి చాలు.

ఆ ఒక్క రాత్రితో ఆపినా బాగుండేది. మర్నాడు బడికి వెళ్ళాను. రేకుల షెడ్డు, మధ్యలో తడిక, అవతల ఎనిమిదో తరగతి లెక్కలు. అవతలాయన గొంతు పెంచితే ఇవతల నేనూ పెంచాలి. వాన పడితే ఇద్దరమూ కేకలే. గొంతు బొంగురుపోయిందని పిల్లలు నవ్వుతుంటే, 'కష్టపడి పాఠం చెప్పే మాస్టారి గొంతురా ఇది' అని గొప్పగా చెప్పాను కూడా.

ఇక వైద్యం సంగతి. బుగ్గన కరక్కాయ, చప్పరించడానికి అతిమధురం, రాత్రి మిరియాల పాలు. చెప్పినవాళ్ళందరి మాటా విన్నాను. వాటితో హాయిగా అనిపించిన మాట నిజం, కాదనను. అయితే మనం మింగేది స్వరతంత్రులను తాకనే తాకదు. తాకితే పొలమారుతుంది. మింగినది వెనక ఉన్న అన్నవాహికలోకి పోతుంది, తంత్రులు ఉండేది గాలి పోయే దారిలో. మంచినీళ్ళు తాగినా అవి ఒంట పట్టాకే తంత్రులకు తడి అందుతుంది. ఇది చాలదన్నట్టు మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్‌లు వాడాను. సూక్ష్మజీవులను చంపే మందు బుడిపెను ఏం చేస్తుంది?

అసలు డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళలేదంటే, క్యాన్సర్ అంటారేమోనని భయం. ఇంట్లో మాత్రం తీరిక లేదని చెప్పాను. చివరికి మా ఆవిడే, "ఏమండీ, ఫోన్లో మీ గొంతు విని ఎవరో పరాయివాళ్ళనుకుంటున్నారు మనవాళ్ళు" అని బలవంతాన బస్సెక్కించింది.

ఈఎన్‌టీ డాక్టరు ముక్కులో చేదు మందు కొట్టి, మొద్దుబారాక సన్నటి స్కోపు లోపలికి పంపి, "ఈ... అనండి మాస్టారూ" అన్నాడు. తెర మీద నా గొంతు కనిపించింది. తెల్లటి రెండు తంత్రులు దగ్గరికి వస్తున్నాయి, ఎడమదాని అంచున ఎర్రటి బుడిపె అడ్డం పడుతోంది. అడ్డం ఉన్నచోట తంత్రులు మూసుకోక గాలి కారిపోతోంది. మిణుకు మిణుకుమనే స్ట్రోబ్ వెలుగులో చూస్తే ఆ అదురు మెల్లగా, అలలు అలలుగా కనిపిస్తుంది. బుడిపె ఉన్న దగ్గర అల విరిగిపోతోంది. ఇన్నేళ్ళూ నాకు అన్నం పెట్టిన వస్తువును చూడటం అదే మొదటిసారి. గొంతులోకి ఇలా తొంగిచూసే విద్యకు దారి చూపింది కూడా ఒక సంగీతం మాస్టారే. 1854లో మాన్యువల్ గార్సియా పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం నోట్లో పెట్టుకుని, మరో అద్దంతో ఎండను లోపలికి మళ్ళించి, తన తంత్రులను తానే చూసుకున్నాడు.

"రెండువైపులా ఎదురెదురుగా ఉంటే నాడ్యూల్స్ అంటాం. పార పట్టే చేతికి కాయలు కాసినట్టు కాస్తాయి. గొంతు వాడే తీరు మార్చుకుంటే చాలావరకు అవే తగ్గుతాయి. మీది పాలిప్. చిన్నవి కొన్ని తగ్గుతాయి గానీ ఇంత పెరిగాక తీసేయడమే మేలు," అన్నాడు డాక్టరు.

1997లో గాయని జూలీ ఆండ్రూస్ గొంతు ఆపరేషన్ తర్వాత పాడే శక్తి పోగొట్టుకుందని మా అమ్మాయి ఎక్కడో చదివి ఏడ్చింది. 2011 నవంబరులో ఆపరేషన్ చేయించుకున్న మరో గాయని అడెల్ మరుసటి ఫిబ్రవరిలో గ్రామీ వేదిక మీద పాడిందని తనే మళ్ళీ ధైర్యం చెప్పింది.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పూర్తి మత్తు ఇచ్చి, నోట్లోంచే గొట్టం పెట్టి, మైక్రోస్కోపులో చూస్తూ తీశారు. బయట ఎక్కడా కోత ఉండదు. కొన్నాళ్ళు నాలుక మొద్దుబారింది. తీసిన ముక్కను పరీక్షకు పంపితే క్యాన్సర్ కాదని వచ్చింది. అన్ని నెలలు నేను పడ్డ భయం ఆ కాగితంతో పోయింది. ముందే వెళ్ళి ఉంటే ముందే పోయేది.

కష్టమంతా ఆ తర్వాత మౌనంలో ఉంది. మాట్లాడకూడదన్నారు కదా అని గుసగుసగా మాట్లాడాను. పలక మీద రాయడం చిరాకేసి పాలవాడితో, పక్కింటాయనతో, చివరికి పిల్లితో కూడా గుసగుసలే. ఎదుటివాళ్ళకు వినపడేలా బిగబట్టి గుసగుసలాడితే తంత్రుల చుట్టూ ఉన్న కండరాలు మరింత బిగుసుకుంటాయట. మౌనమంటే మౌనమే.

గొంతు తేటగా తిరిగొచ్చింది. బుడిపె తీసేశారు కాబట్టి జబ్బు పోయిందనుకుని, స్పీచ్ థెరపీకి రమ్మంటే ఎగ్గొట్టాను. మాట్లాడటం రాని పిల్లలకు గదా అది, తెలుగు పండితుడికి మాట నేర్పేదేమిటని నా అహం. వేసవి తిరునాళ్ళకు మళ్ళీ రంగు వేసుకున్నాను. పదో తరగతి పరీక్షల ముందు ప్రత్యేక తరగతులు సరేసరి. మళ్ళీ బొంగురు. ఈసారి స్కోపులో వాపు కనిపించింది, బుడిపె ఇంకా కట్టలేదు.

అప్పుడు తలవంచుకుని వెళ్ళాను. మా అమ్మాయి కంటే చిన్నదైన థెరపిస్టు నన్ను పది నిమిషాలు మాట్లాడించి, "సార్, ఊపిరి అయిపోయాక కూడా వాక్యం లాగుతున్నారు. ఒకటికి నాలుగుసార్లు గొంతు సవరించుకుంటున్నారు," అంది. సవరించుకున్న ప్రతిసారీ తంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి. ఆ అలవాటు నాకున్నట్టే నాకు తెలియదు. ఇప్పుడు గొంతు గరగరమంటే ఒక గుక్క నీళ్ళు మింగుతాను. గ్లాసులో సగం నీళ్ళు పోసి, స్ట్రా ముంచి, 'ఊ' అంటూ బుడగలు తెప్పించడం నా సాధకం. స్ట్రా వల్ల వెనక్కి తగిలే గాలి ఒత్తిడికి తంత్రులు కొట్టుకోకుండా తేలిగ్గా అదురుతాయి. నాటకం అయ్యాక అర్ధరాత్రి మిరపకాయ బజ్జీలు తిని వెంటనే పడుకోవడం మానేశాక పొద్దున్నే ఉండే పులితేన్పులు, గొంతు మంట కూడా తగ్గాయి.

ఐదున్నర శ్రుతి పోయింది. నాలుగులో పాడుతున్నాను, పాతవాళ్ళు పెదవి విరుస్తారు. జలుబు చేస్తే వేషం ఒప్పుకోను. బడిలో నడుముకు కట్టుకునే చిన్న మైకు వాడుతున్నాను. రెండు వేల రూపాయలు కూడా కాలేదు.

గొంతు బొంగురుపోయి నాలుగు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరు దగ్గర స్కోపుతో చూపించుకోండి. చూడకుండా మందులు రాస్తే, చూడమని అడగండి. చుట్టా బీడీ అలవాటున్నవాళ్ళు, మెడలో గడ్డ, మింగడం కష్టం, ఆయాసం, దగ్గితే రక్తం ఉన్నవాళ్ళు ఆ నాలుగు వారాలు కూడా ఆగకండి. ఇక పూర్వ విద్యార్థులకు ఒక మనవి: బడికి ఏమిద్దామా అని ఆలోచిస్తుంటే గోడగడియారాలు, బీరువాలు ఇప్పటికే చాలా ఉన్నాయి, మాస్టార్లకు మైకులు కొనిపెట్టండి.