మంచు కురవని ఊళ్లో

నా పిహెచ్‌డి కోసం చదివిన నవలల్లో మంచు కురిసి నగరాలు మూగబోయేవి. ఆ నిశ్శబ్దాన్ని సౌందర్యంగానే రాసుకున్నాను. మంచెరగని మా కర్దనూర్‌కి అలాంటి నిశ్శబ్దం 2020 మార్చిలో, లాక్‌డౌన్‌తో వచ్చింది. పటాన్‌చెరు దారిలో లారీల రొద ఆగింది. "ఎంత హాయిగా ఉందో!" అన్నాను.

"పని బందయింది. హాయి ఎక్కడిదే?" అంది అమ్మ, ఇంటిల్లిపాదికీ మూడోపూట వండుతూ. ఆమె ప్యాకింగ్ పనికి వెళ్లే కంపెనీ ఆ నెల కూలి ఇవ్వలేదు.

ఏప్రిల్ 29న కందిలో, ఐఐటి హైదరాబాద్ ప్రాంగణంలోని వలస నిర్మాణ కార్మికులు జీతాలివ్వమనీ, ఇళ్లకు పంపమనీ తిరగబడ్డారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు దేశంలోనే తొలి శ్రామిక్ రైలు వెళ్లింది.

ఇప్పుడు నవలలో మంచు కురిస్తే, ఆ రోజు కూలి పోయినదెవరికో, పొయ్యి దగ్గర ఉన్నదెవరో వెతుకుతున్నాను. చాలాసార్లు ఆ పేజీల్లో వాళ్లు కనిపించరు.